షిఫ్టు దిగాక... ఓ పుస్తకం!

బొగ్గు తవ్వే చోట పుస్తకాలేంటి అనుకుంటాం. కానీ గోదావరి ఒడ్డున ఉన్న బొగ్గుబాయిలకూ పుస్తకానికీ పాత స్నేహం. కథలు, నవలలు, చరిత్ర, సైన్సు... ఏది ఎక్కడ దొరుకుతుందో చెప్పే మనుషులు ఒకప్పుడు అక్కడ వాడవాడకూ ఉండేవారు. ఇప్పుడు బాయిలు తగ్గుతున్నాయి. ఆ మనుషులూ తగ్గుతున్నారు. మరి తర్వాతి పుస్తకం పేరు ఎవరు చెప్పాలి?

మధ్యాహ్నం మూడు గంటలు. గోదావరిఖనిలో ఫస్టు షిఫ్టు దిగే వేళ. క్యాప్‌ల్యాంపు అప్పజెప్పి, ఒళ్లు కడుక్కుని, టిఫిన్ డబ్బా చేతపట్టుకుని ఇళ్లదారి పట్టేవాళ్లు ఒకవైపు. సెకండు షిఫ్టుకు మస్టరు పడటానికి వచ్చేవాళ్లు మరోవైపు. రాత్రి పదకొండింటికి మళ్లీ ఇదే దృశ్యం. తెల్లారి ఏడింటికి ఇంకోసారి. ఊరు మొత్తం మూడు షిఫ్టులుగా నిద్రపోతుంది, మూడు షిఫ్టులుగా మేలుకుంటుంది.

ఇక్కడ గనిని గని అనరు. 'బాయి' అంటారు. ఎనిమిది గంటలు బాయిలో గడిపి పైకొచ్చిన మనిషికి ఏం కావాలి? కడుపునిండా తిండి, కంటినిండా నిద్ర. అంతేనా? అంతే అయితే ఈ నల్లనేల నుంచి ఇన్ని కథలు, నవలలు, పాటలు వచ్చేవే కావు. రాసేవాడు పుట్టాలంటే ముందు చదివేవాళ్లు ఉండాలి. చదివేవాళ్లుండాలంటే పుస్తకం వాళ్ల దాకా రావాలి. అదెలా వచ్చిందన్నదే అసలు కథ!

చేతులు మారిన పుస్తకం

సింగరేణి కథ ఇల్లెందు దగ్గర మొదలైంది. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ అక్కడ బొగ్గు జాడ కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న కంపెనీకి 'సింగరేణి కాలరీస్' అన్న పేరు స్థిరపడింది. ఇప్పటికీ ఆ రోజున సింగరేణి డే జరుపుతారు. రామగుండం ప్రాంతంలో బాయిలు మాత్రం చాలా ఆలస్యంగా, 1960ల మొదట్లో తెరుచుకున్నాయి. వాటితోపాటే గోదావరిఖని అనే ఊరూ ఎదిగింది.

కొత్త ఊరు కదా, అందరూ వలస వచ్చినవారే. కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ పల్లెల నుంచి వచ్చిన రైతుకూలీలు, చేతివృత్తుల వాళ్లు. ఉత్తరాది నుంచి వచ్చిన కోల్‌ఫిల్లర్లు. తెలుగు, ఉర్దూ, హిందీ ఒకే టబ్బు దగ్గర కలిశాయి. చాలామందికి చదువు లేదు. చదువు వచ్చిన ఒక్కడు పేపరు పైకి చదివితే నలుగురు వినేవారు. పుస్తకమూ అలాగే. కొన్నది ఒకరైతే చదివింది పదిమంది, విన్నది ఇంకో పదిమంది.

పుస్తకాన్ని భుజాన మోసి జనానికి చేర్చడం తెలంగాణకు కొత్త కాదు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. తెలుగు చదవడానికే ఇబ్బంది పడే నిజాం కాలంలో అవి పెద్ద సాహసాలు. తర్వాత వట్టికోట ఆళ్వారుస్వామి వచ్చాడు. హోటల్లో సర్వరుగా పనిచేసిన ఆయన 1938లో 'దేశోద్ధారక గ్రంథమాల' స్థాపించాడు. అచ్చు వేయించిన పుస్తకాలను తానే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. 'ప్రజల మనిషి' నవల రాసిన ఆళ్వారుస్వామి నిజంగానే ప్రజల దగ్గరికి పుస్తకాన్ని నడిపించిన మనిషి.

ఆ వరసలోనే విశాలాంధ్ర సంచార వాహనాలు వచ్చాయి. ఊరి కూడలిలో వ్యాన్ ఆగేది. అద్దాల వెనక మాస్కోలో అచ్చయిన రంగుల పుస్తకాలు! దళసరి అట్ట, తెల్లటి కాగితం, చౌక ధర. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటివారు మాస్కోలో కూర్చుని చేసిన అనువాదాలు అలా పల్లెల దాకా వచ్చాయి. టాల్‌స్టాయ్, గోర్కీ, చెహోవ్ మన పక్కింటివాళ్లయ్యారు. గోర్కీ 'అమ్మ' అయితే అంతకు ముందే, 1930లలోనే క్రొవ్విడి లింగరాజు చేతిమీదుగా తెలుగులోకి వచ్చింది. కార్మికవాడల్లో ఎన్ని చేతులు మారిందో లెక్కలేదు.

యూనియన్ ఆఫీసు, టీకొట్టు, బార్బర్ షాపు... పుస్తకం చేతులు మారడానికి ఇవే కేంద్రాలు. 'ఇది చదివినవా? అయితే ఇది కూడా చదువు' అనే ఒక్క మాట! అదే వాళ్ల పుస్తక సమీక్ష. అదే వాళ్ల గ్రంథాలయం.

తమ కథ తామే చదువుకుని...

అలా చదివిన నేల నుంచే రాసేవాళ్లు పుట్టుకొచ్చారు. మంథని ప్రాంతంలోని గాజులపల్లిలో పుట్టిన అల్లం రాజయ్య 'కొలిమంటుకున్నది', 'ఊరు', 'అగ్నికణం' నవలలు రాశాడు. సాహుతో కలిసి 'కొమురం భీం' రాశాడు. పల్లెలో దొరతనం ఎలా ఉండేదో, అక్కడి నుంచి జనం బాయిలకు ఎందుకు వచ్చిపడ్డారో తెలియాలంటే ఆయన పుస్తకాలు చదవాలి. తుమ్మేటి రఘోత్తమరెడ్డి సింగరేణిలో పనిచేస్తూ కథలు రాశాడు. ఆయన 'పనిపిల్ల', 'చావు విందు' తెలుగు కథ గురించి మాట్లాడేవారు మరిచిపోలేనివి.

1981లో ఇక్కడ 56 రోజుల సమ్మె జరిగింది. ఒక్కరోజు చట్టవిరుద్ధ సమ్మెకు ఎనిమిది రోజుల జీతం కోసే నిబంధనకు వ్యతిరేకంగా జరిగిన సమ్మె అది. ఆ రోజుల వేడి తెలియనివాళ్లకు ఈ సాహిత్యంలోని కోపం అర్థం కాదు. అదే సమయంలో, ఆ కోపం ఒక్కటే చూసేవాళ్లకు ఇందులోని మనుషులు కనబడరు. జీతం రోజు సంబరం, నాగాలు పెట్టే భర్తతో పడలేక భార్య పడే యాతన, షిఫ్టు నుంచి మనిషి తిరిగొచ్చేదాకా గుమ్మం వైపే చూసే తల్లి... ఇవన్నీ ఆ పేజీల్లో ఉన్నాయి.

తన బతుకు అచ్చులో కనబడినప్పుడు పాఠకుడికి కలిగే ఆనందం వేరు. 'మన మాటే, మన యాసే, మన బాయే పుస్తకంలో ఉంది' అన్న ధీమా అది. అయితే అక్కడే ఆగిపోతే? అద్దంలో ఎంతసేపని చూసుకుంటాం! అద్దం పక్కన కిటికీ కూడా ఉండాలి.

బొగ్గు ఒక్కటే... భాషలే వేరు

కిటికీ తెరిస్తే మొదట కనబడేది ఫ్రాన్స్. 1884లో ఉత్తర ఫ్రాన్స్‌లోని ఆంజాన్ గనుల్లో పెద్ద సమ్మె జరుగుతుంటే ఎమిలీ జోలా అనే రచయిత అక్కడికి వెళ్లాడు. బాయిలోకి దిగాడు. కార్మికుల ఇళ్లలో కూర్చున్నాడు. మరుసటి ఏడాది 'జెర్మినల్' నవల వచ్చింది. అందులో ఒక గుర్రం ఉంటుంది. ఏళ్ల తరబడి గనిలోనే టబ్బులు లాగుతూ వెలుతురు మొహం చూడని గుర్రం. హాలరు కేబుళ్లు టబ్బులు లాగడం చూసిన మన కార్మికుడికి ఆ పని ఒకనాడు గుర్రం చేసేదని తెలిస్తే గుండె కలుక్కుమంటుంది. 1902లో జోలా చనిపోయినప్పుడు గని కార్మికులు ఆయన అంతిమయాత్రకు వచ్చి 'జెర్మినల్... జెర్మినల్' అంటూ ఆ నవల పేరునే నినాదంగా పలికారు. ఒక రచయితకు అంతకంటే బిరుదు ఏముంటుంది?

అక్కడి నుంచి ఇంగ్లండు. ఎ.జె.క్రోనిన్ అసలు డాక్టరు. వేల్స్ గనుల ఊళ్లలో వైద్యం చేశాడు, గనుల మెడికల్ ఇన్‌స్పెక్టరుగా తిరిగాడు. 1935లో 'ద స్టార్స్ లుక్ డౌన్' నవల రాశాడు. పాత తవ్వకాల్లో నిలిచిన నీరు బాయిలోకి విరుచుకుపడటమే అందులోని ప్రధాన ఘట్టం. గోదావరిఖని పాఠకుడు ఆ పేజీల దగ్గర కాసేపు పుస్తకం మూసేస్తాడు. ఎందుకంటే 2003 జూన్ 16న ఇక్కడి 7ఎల్‌ఈపీ బాయిలోకి నీళ్లు వచ్చిపడి 17 మంది కార్మికులు చనిపోయారు. అంతకు ముందు 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలాలో వరద ముంచెత్తి 370 మందికి పైగా బలయ్యారు. అమితాబ్ 'కాలా పత్థర్' సినిమాకు ప్రేరణ ఆ దుర్ఘటనే. సినిమా చూసినవాళ్లు కోకొల్లలు. కానీ అదే ఘటన ఆధారంగా హిందీలో సంజీవ్ రాసిన 'సావధాన్! నీచే ఆగ్ హై' నవల చదివినవాళ్లు ఎందరు?

ఉర్దూ చదివేవారికి ఇల్యాస్ అహ్మద్ గద్దీ 'ఫైర్ ఏరియా' ఉంది. ఝరియా బొగ్గుగనుల మీద రాసిన ఈ నవలకు 1996లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. బెంగాలీలో శైలజానంద ముఖోపాధ్యాయ 1920లలోనే బొగ్గుగని కూలీల కథలు రాశాడు. అంటే పారిస్ దాకా పోనక్కర్లేదు. రాణిగంజ్, ఝరియా, గోదావరిఖని... ఒకే బొగ్గు, వేర్వేరు భాషలు. బాయిలో మూడు భాషలు కలిసి పనిచేసిన ఊరికి ఈ పుస్తకాలు పరాయివి ఎలా అవుతాయి?

కథలు కాని కథలు

'నాకు కథలూ కాకరకాయలూ పట్టవు. నిజంగా జరిగింది చెప్పు' అనేవాళ్లు ప్రతి బాయి మీదా ఉంటారు. వాళ్ల కోసం వేరే దారి ఉంది. కల్పన కాని పుస్తకాలు కల్పనను మించి ఉంటాయి.

ఉదాహరణకు గనిలో గాలి సంగతి చూడండి. మీథేన్ వాయువుకు మంట తగిలితే పేలుతుందని ఇక్కడ అందరికీ తెలుసు. దీనికి విరుగుడుగా 1815లో హంఫ్రీ డేవీ జాలీ కట్టిన రక్షణ దీపం చేశాడు. అప్పుడు ఆయన దగ్గర సహాయకుడిగా ఉన్న కుర్రాడు మైఖేల్ ఫారడే. పుస్తకాలు బైండు చేసే షాపులో పనికి కుదిరి, బైండింగుకు వచ్చిన పుస్తకాలనే చదువుకుని శాస్త్రవేత్త అయినవాడు! అదే ఫారడే తర్వాత పిల్లలకు ఒక కొవ్వొత్తి ఎలా వెలుగుతుందో వరసగా ఉపన్యాసాల్లో చెప్పాడు. అవి పుస్తకంగా వచ్చి నూట అరవై ఏళ్లు దాటినా ఇంకా చదువుతూనే ఉన్నారు.

ఇంకో కథ. గనుల్లోని విషవాయువుల మీద పరిశోధనలు చేసిన జాన్ స్కాట్ హాల్డేన్, బాయిలోకి పిట్టలను తీసుకెళ్లమన్నాడు. మనిషికంటే ముందే పిట్ట సొమ్మసిల్లితే ప్రమాదం తెలిసిపోతుంది. బ్రిటన్ గనుల్లో 1986 దాకా ఈ పిట్టలు 'డ్యూటీ' చేశాయి. ఆయన తన కొడుకును చిన్నప్పుడే గనిలోకి తీసుకెళ్లాడు. ఒక చోట నిలబెట్టి షేక్‌స్పియర్ నాటకంలోని ఉపన్యాసం అప్పజెప్పమన్నాడు. పిల్లాడు కొన్ని వాక్యాలు చెప్పి కూలబడిపోయాడు. కింద పడగానే తేరుకున్నాడు. మీథేన్ తేలిక కాబట్టి పైకప్పు దగ్గర చేరుతుందని, నేల మీద గాలి బాగుంటుందని ఆ పిల్లాడికి జన్మలో మరిచిపోలేని పాఠం!

ఆ పిల్లాడే తర్వాత ప్రపంచ ప్రసిద్ధ జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్.హాల్డేన్ అయ్యాడు. సామాన్యుడికి అర్థమయ్యేలా సైన్సు వ్యాసాలు రాశాడు. 1957లో భారతదేశం వచ్చి ఇక్కడి పౌరుడయ్యాడు. 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తన దేహాన్ని వైద్యవిద్యార్థుల కోసం ఇచ్చేయాలని రాసిపెట్టాడు. అది చేరింది ఎక్కడికో తెలుసా? మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు! గనిలో మొదలైన ఒక పాఠం కాకినాడలో ముగిసింది. ఏ నవలలో ఉంటుంది ఇలాంటి మలుపు?

తెలుగులోనూ ఇలాంటి పుస్తకాలకు కొదవలేదు. మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్ సైన్సును కబుర్లలా చెప్పారు. పెరల్‌మాన్ 'నిత్యజీవితంలో భౌతికశాస్త్రం' మాస్కో నుంచి వచ్చి మన పిల్లలకు లెక్కలూ భౌతికశాస్త్రమూ అంటే భయం పోగొట్టింది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెచ్చిన 'వైద్యుడు లేని చోట' ఎన్నో ఇళ్లలో మందులపెట్టె పక్కన చోటు సంపాదించుకుంది. అదే ట్రస్ట్ అలెక్స్ హేలీ 'రూట్స్'ను సహవాసి చేత 'ఏడు తరాలు'గా చేయించింది. ఆఫ్రికా నుంచి బానిసగా ఎత్తుకుపోయిన కుంటా కింటే కథ చదివి, తన తాత ఏ ఊరి నుంచి ఎందుకు వలస వచ్చాడో ఆరా తీయని పాఠకుడు ఉండడు. ప్రయాణాలు ఇష్టమా? ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర' ఉంది. 1830లో మద్రాసు నుంచి బయల్దేరి మన తెలుగు నేల మీదుగానే కాశీకి వెళ్లిన పెద్దమనిషి దారిలో తిన్నదీ కొన్నదీ చూసిందీ అన్నీ రాసిపెట్టాడు. మన పాత ఊళ్లు ఎలా ఉండేవో తెలుసుకోవడానికి అంతకంటే సరదా దారి లేదు.

క్వార్టర్ల కథ వేరు

మగవాళ్లు యూనియన్ ఆఫీసులో చదివితే, కాలనీ క్వార్టర్లలో ఆడవాళ్లు ఏం చదివారు? వారపత్రికల సీరియళ్లు. అద్దె పుస్తకాల షాపుల్లోని నవలలు. రోజుకింత అని అద్దె. ఒక ఇంట్లో తెచ్చిన నవల సాయంత్రానికి నాలుగిళ్లు తిరిగేది. అద్దె ఒకరిది, చదువు నలుగురిది! యద్దనపూడి సులోచనారాణి రాజశేఖరాలు, మాదిరెడ్డి సులోచన కుటుంబాలు, యండమూరి 'తులసిదళం' భయాలు, మధుబాబు 'షాడో' సాహసాలు... తెలుగునాట లక్షలమందికి చదివే అలవాటు చేసినవి ఇవే.

వీటిని చులకనగా చూసినవాళ్లు లేకపోలేదు. కానీ అలవాటు అనేది మెట్లలాంటిది. 'సెక్రటరీ'తో మొదలుపెట్టిన అమ్మాయి రంగనాయకమ్మ దగ్గరికి, అక్కడి నుంచి ఓల్గా 'స్వేచ్ఛ' దగ్గరికి వెళ్లింది. ఇవాళ గోగు శ్యామల 'ఏనుగంత తండ్రికన్న ఏకులబుట్ట తల్లి నయం' కథల దాకా వస్తుంది. తెలంగాణ పల్లె ఆడపిల్ల బతుకు తెలంగాణ మాటల్లోనే ఉన్న కథలవి. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' దొరల గడీని బయటి నుంచి చూపిస్తే, ఇవి వాడ లోపలి నుంచి చూపిస్తాయి. రెండూ చదివితేనే బొమ్మ పూర్తవుతుంది.

టీవీలు వచ్చాక అద్దె షాపులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కథ ఆగలేదు, తెర మీదికి వెళ్లింది. ఆగింది చేయి మారడమే. రిమోటు ఒకరి చేతిలో ఉంటుంది. 'ఇది చూసినవా, అది చదువు' అని చెప్పడానికి అందులో ఏమీ ఉండదు.

వేల్స్ చెప్పే పాఠం

బాయిలు, పుస్తకాలు అంటే ప్రపంచంలో మొదట చెప్పుకోవాల్సింది దక్షిణ వేల్స్ గురించి. అక్కడి గని కార్మికులు తమ కూలీలో పౌనుకింత అని కొన్ని పెన్నీలు మినహాయించుకుని సొంత గ్రంథాలయాలు కట్టుకున్నారు. 1930ల నాటికి ఒక్క ఆ లోయల్లోనే వందకు పైగా గ్రంథాలయాలు ఉండేవి. పుస్తకాలు ఎంపిక చేసేదీ కార్మికుల కమిటీనే. కార్మికుల చదువు చరిత్రను 2001లో పెద్ద పుస్తకంగా రాసిన జొనాథన్ రోజ్ ఆ రిజిస్టర్లు తిరగేస్తే తేలిందేమిటి? సిద్ధాంత గ్రంథాలకన్నా నవలలే ఎక్కువగా చేతులు మారాయని! అన్నీ చదివేవారు. డికెన్స్ చదివేవారు, డిటెక్టివ్ నవలలు చదివేవారు, భూగర్భశాస్త్రమూ చదివేవారు.

ట్రెడెగార్ అనే ఊళ్లో పదమూడేళ్లకే బడి మానేసి బాయి దిగిన ఒక కుర్రాడు అక్కడి కార్మిక గ్రంథాలయంలో చదువుకున్నాడు. నత్తి ఉండేది. పుస్తకాల్లోంచి కొత్త కొత్త మాటలు ఏరుకుని, నోరు తిరగని మాట బదులు ఇంకో మాట వాడుతూ గొప్ప వక్త అయ్యాడు. అతనే అన్యూరిన్ బెవాన్. బ్రిటన్ ఆరోగ్యమంత్రి అయి 1948లో దేశ ప్రజలందరికీ ఉచిత వైద్యం తెచ్చినవాడు. ఆ ట్రెడెగార్‌లోనే డాక్టరుగా పనిచేసిన క్రోనిన్ 1937లో 'ద సిటాడెల్' నవల రాసి వైద్యం ఎలా ఉండకూడదో, ఎలా ఉండాలో దేశానికి చూపించాడు. గని కార్మికుల చిన్న ఊరు, ఒక గ్రంథాలయం, ఒక నవల... ఒక దేశం తలరాతలో వాటి వాటా ఉంది.

ఆ తర్వాత ఏమైంది? బాయిలు మూతపడ్డాయి. గ్రంథాలయాలూ మూతపడ్డాయి. కార్మికులు పైసా పైసా కూడబెట్టి కొన్న పుస్తకాలు పాత సామాన్ల వ్యాపారులకు పోయాయి. చివరికి మేలుకుని, మిగిలినవి పోగేసి 1973లో స్వాన్సీలో 'సౌత్ వేల్స్ మైనర్స్ లైబ్రరీ' పెట్టారు. అప్పటికే పోయినవి పోగా దక్కినవి అవి.

ట్రంకుపెట్టె ఎక్కడికి పోతుంది?

సింగరేణిలో 1990ల మొదట్లో లక్షా పదహారు వేల దాకా కార్మికులు ఉండేవారు. ఇప్పుడు దాదాపు నలభై వేలు. ఓపెన్‌కాస్టులు పెరిగాయి, యంత్రాలు పెరిగాయి. తట్టా చెమ్మసు పట్టిన తరం రిటైరైపోయింది. రిటైరయ్యాక కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి. మంచాలు, బీరువా, వంటసామాను లారీ ఎక్కుతాయి. అటక మీది ట్రంకుపెట్టె మాత్రం చాలా ఇళ్లలో పంచాయితీ పెడుతుంది. అందులో మాస్కో పుస్తకాలు, అట్టలు ఊడిన నవలలు, పాత పత్రికలు, ఎప్పటివో కరపత్రాలు. 'ఇప్పుడు ఎవరు చదువుతరు?' అన్న మాటతో అవి కిలోల లెక్కన కాటా ఎక్కుతాయి. వేల్స్‌లో జరిగింది అదే!

ఊళ్లో గ్రంథాలయం లేదా అంటే ఉంది. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా మనమే కడుతున్నాం. అక్కడ కుర్చీలూ ఖాళీ ఉండవు. కానీ కూర్చున్నవాళ్లలో చాలామంది పోటీ పరీక్షల అభ్యర్థులు. సొంత పుస్తకాలు తెచ్చుకుని పొద్దుటి నుంచి రాత్రి దాకా చదువుతారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. బాయిలో కొలువులు తగ్గినచోట బయట కొలువు కోసం చదవక తప్పదు. తండ్రి బాయిలో దింపిన చెమటకు కొడుకు కుర్చీలో సమాధానం వెతుకుతున్నాడు. బాధల్లా ఒక్కటే. అభ్యర్థి వీపు వెనకే ఉన్న అల్మారాలో 'ప్రజల మనిషి' ఉంటుంది. తెలంగాణ చరిత్రలో ఒక మార్కు ప్రశ్నగా ఆ పేరు బట్టీ పడతాడు. చేయి చాపి పుస్తకం తీయడు. తీయమని చెప్పే మనిషి లేడు.

వెతుక్కునే దారులు

ఏం చదవాలో తెలియక ఆగిపోయినవారికి బొగ్గుబాయి పాఠకుల పాత పద్ధతులే ఇప్పటికీ పనికొస్తాయి.

మొదటిది, నచ్చిన పుస్తకం చివరి దాకా వెళ్లడం. రచయిత ముందుమాటలో ఎవరిని తలుచుకున్నాడో చూడండి. ఆ పేరే తర్వాతి పుస్తకం. అల్లం రాజయ్య నుంచి గోర్కీకి, గోర్కీ నుంచి చెహోవ్‌కు ఇలాగే వెళ్తాం.

రెండోది, జోడు కట్టడం. ఒక కథల పుస్తకం చదివితే అదే విషయం మీద ఒక నిజాల పుస్తకం. 'కొమురం భీం' నవల చదివాక, 1940లలో ఆదిలాబాద్ గోండుల మధ్య మార్లవాయిలో ఉండి పరిశోధన చేసిన హైమన్‌డార్ఫ్ రచనలు తెరిస్తే అదే అడవి కొత్తగా కనిపిస్తుంది.

మూడోది, రచయిత అనువాదమైతే అనువాదకుడి పేరు గుర్తుపెట్టుకోవడం. సహవాసి పేరు పట్టుకుని వెళ్తే ఒక చిన్న ప్రపంచ యాత్ర పూర్తవుతుంది.

నాలుగోది, ఉన్నచోటి నుంచే వెతకడం. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం పాత తెలుగు కథలను ఇంటర్నెట్‌లోనూ పెట్టింది. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో వేల తెలుగు పుస్తకాల స్కాన్లు ఉన్నాయి. కొత్తవి కావాలంటే హైదరాబాద్ పుస్తక ప్రదర్శన ఏటా ఉండనే ఉంది. ఫోనులో చదవడం కళ్లకు కష్టమే కావచ్చు. కానీ నైట్‌షిఫ్టు మనిషికి లైబ్రరీ తెరిచి ఉండని వేళలో తోడుండేది అదే.

అయిదోది అన్నిటికన్నా పాతది, చౌకది. అడగడం. చదివిన మనిషిని పట్టుకుని 'నీకు బాగా నచ్చిందేది?' అని అడగడం. గోదావరిఖనిలో ఇప్పటికీ ఏ టీకొట్టు దగ్గరో, పార్కు బెంచీ మీదో ఒక రిటైర్డు కార్మికుడు దొరుకుతాడు. పుస్తకం పేరెత్తితే మొహంలో వెలుగు వస్తుంది. రచయిత పేరు మరిచిపోవచ్చు, కథ మాత్రం మొత్తం చెబుతాడు. చెప్పి, 'ఇంట్ల ఉండాలె, చూస్త' అంటాడు.

ఆ 'చూస్త' అన్న మాటకు విలువ ఉన్నంతకాలం ట్రంకుపెట్టె కాటా ఎక్కదు. పెట్టెలన్నీ ఒకచోటికి చేరితే అదే సింగరేణి కార్మికుల గ్రంథాలయం అవుతుంది. వేల్స్ వాళ్లు ఆ పని బాయిలు మూతపడ్డాక చేశారు. ఇక్కడ ఇంకా షిఫ్టులు నడుస్తూనే ఉన్నాయి. సమయం ఉంది. అటక మీదికి ఒకసారి చేయి చాపితే చాలు!